మూడు కూతలు

...అగో, చెప్త చెప్త అనుకుంటనే వారం గడిచిపాయె, ఏమనుకోకు సోమక్కా. మా మొగిలయ్య పెదనాయిన ముచ్చటనే. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిల అన్నట్టు, ఏటూరునాగారం అడివి పక్కపొంటి ఉండేటోడు.

ఎండకాలం మొదట్ల అందరు అడివికి అగ్గి పెడుదురు. రాలిన ఆకు కాలితెనే తునికి చెట్టు లేత చిగురేసేది. ఆ ఆకు తెంపి బీడీలకు కట్టలు కడితెనే ఇంట్ల బుక్కెడు బువ్వ. ఏండ్ల సంది కాల్చంగ కాల్చంగ అడివి గూడ అగ్గికి మరిగింది. కాల్చని ఏడు అలిగినట్టు మోడు లెక్క నిలబడేదట.

అయితే అగ్గి పెట్టేముందు మూడుసార్లు కూతెయ్యాలె, "ఎవలన్న ఉన్నరా?" అని. కూత కూతకు నడుమ చుట్ట కాలేంత సేపు ఆగాలె. లోపలున్నోళ్లు బయటికి రావాలె గద!

ఆ దినం పొద్దుగాల్నే పెండ్లాం భద్రమ్మతోని లొల్లి. "నీ మొకాన దుమ్ము వొయ్య! ఇప్పపువ్వుకు వోతాన, నువ్వే వండుకో" అని గంప వట్టుకొని పోయింది. వాగు దిక్కు వోయిందనుకున్నడు.

పగటీలి, ఎండ నెత్తి మీదికొచ్చింది. ఒక్క కూత ఏసిండో లేదో... ఎనుక ఫారెస్టు గార్డు సైకిలు గంట. దొరికితె జైలే. ఇంక ఆగలె. అగ్గిపుల్ల గీసిండు.

గాలి మళ్లింది. మంట గుర్రుమని చెట్టెత్తు లేచింది. గార్డు సైకిలు తిప్పుకొని ఒకటే ఉరుకుడు. పొగల మాడిన ఇప్పపువ్వు వాసన...

అప్పుడు... మంట లోపట్నుంచి.

"ఉన్న..."

భద్రమ్మ గొంతే.

"ఉన్న మావా... ఇటు రా... కాలుతాంది..."

దుంకవోయిండు. ఎనుకనుంచి ఎవలో చెయ్యి గట్టిగ వట్టిన్రు. తిరిగి చూస్తె భద్రమ్మ! గంప లేదు.

"పోకు," అన్నది మెల్లగ. "అది నేను గాదు."

మంటల గొంతు ఏడుస్తనే ఉన్నది. మావా మావా అని పిలుస్తాంది. మొగిలయ్య అటు చూసిండు, ఇటు చూసిండు... ఆఖరికి చెయ్యి వట్టినామె ఎంట నడిచిండు. పది అడుగులు వోయిన్రో లేదో, ఎనుక గొంతు ఆగిపాయె.

ఇంటికొచ్చినంక ఆమె వాకిట్ల కూసోని, "జర నీళ్లు వొయ్యి, కాళ్లు కడుక్కుంట" అన్నది.

చెంబుతోని పోసిండు.

ఆమె కాళ్ల మీద వడంగనే సుయ్యిమన్నయి... నీళ్లు.

ఆమె తలకాయెత్తి నవ్వింది. "మల్ల వొయ్యి."

ఆఁ... వస్తాన కమలా! మా కోడలు పిలుస్తాంది అక్కా, ఉంట—