మూడో గేటు దగ్గరి లోడు

చిన్న కథే. టీ చల్లారేలోపు అయిపోతుంది.

ఆ గోడౌన్‌లో మూడో గేటుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడి లోడు పక్కనుంచి వెళ్తే, లోపల ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు వినిపిస్తుందని వాచ్‌మన్ చెప్పేవాడు. ఆ మనిషి దగ్గర టార్చి ఉంది, బ్యాటరీలు లేవు. "వెలుతురుంటే అది కనబడుతుంది కదా, ఎందుకొచ్చిన గొడవ" అంటాడు. అతని తమ్ముడు ఇంకా ధైర్యవంతుడు, పగలు కూడా అటు రాడు. వాళ్ల మేనమామైతే... సరే, ఎక్కడున్నాం?

మూడో గేటు. రాత్రి అక్కడ పెట్టిన గాజు సీసాల్లో పదో పాతికో దారిలోనే పగిలేవి. మిగతా గేట్ల సరుకు శుభ్రంగా చేరేది. దెయ్యం పనే అన్నారంతా. మూడో గేటు లోడ్లన్నీ కట్టేది చాల్లే అనే మనిషి ఒక్కడే అన్న సంగతి ఎవరికీ తట్టలేదు. చాల్లేకి అసలే తట్టలేదు.

అది అతని పేరు కాదు. చెక్క ప్యాలెట్ మీద అట్టపెట్టెలు పేర్చి, చుట్టూ ప్లాస్టిక్ పొర రెండు చుట్లు తిప్పి, "చాల్లే" అంటాడు. పదకొండేళ్లుగా అంటున్నాడు.

ఆ సాయంత్రం సూపర్‌వైజర్ పిలిచాడు.

"తెల్లారి లారీ వస్తుంది. ఈసారి ఒక్క సీసా పగిలినా, ఇక నువ్వు రానక్కర్లేదు."

"నేనేం చేశాను సార్? ఆ దెయ్యం..."

"దెయ్యానికి మనం జీతం ఇవ్వట్లేదు. దాన్నెలా తీసేయను?"

ఇంటికెళ్లి భార్యకి చెప్పుకున్నాడు. ఆవిడ ఓదార్చింది.

"డబ్బా మూతే సగం తిప్పి వదిలేస్తారు మీరు. ఆ దెయ్యాన్ని ఆడిపోసుకుంటారేం, పాపం!"

అన్నం తిని మళ్లీ గోడౌన్‌కి వచ్చాడు. దెయ్యాన్ని పట్టుకుని సూపర్‌వైజర్ ముందు నిలబెట్టాలని పట్టుదల. ఇనప కమ్మీ ఒళ్లో పెట్టుకుని, తను కట్టిన లోడుకే వీపు ఆనించి కూర్చున్నాడు.

పది దాటింది. ఏమీ లేదు.

పదకొండు...

"కిర్ర్..."

ఊపిరి బిగబట్టాడు. ఎలుకేమో.

"కిర్ర్... కిర్ర్ర్..."

ఎలుకలు ఇంత నింపాదిగా ఉండవు. శబ్దం సరిగ్గా వీపు వెనక నుంచే. కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు.

"ఎ... ఎవరూ?"

భుజం మీద ఏదో ఆనింది. మెల్లగా ముందుకి నెట్టింది.

దెయ్యం చెయ్యి ఎలా ఉంటుందో అతనికి తెలీదు. నలుపలకలుగా ఉంటుందని మాత్రం అనుకోలేదు.

తడిమాడు. అట్ట. పట్టుకుంటే మూల. దాని మీద తనే అంటించిన చీటీ.

లైటు వేసి చూశాడు. గచ్చు నీళ్లు పోయేందుకు గేటు వైపు కాస్త వాలుగా ఉంది. అడుగున తేలిక పెట్టెలు, పైన బరువువి. వదులు పొరలో నడుమ వరస కిర్రుమంటూ జానెడు బయటికి జారింది. ఆ పొర పెట్టెలకే చుట్టాడు గానీ, కింద చెక్కని పట్టించుకోలేదు. లారీ ఒక్క కుదుపు కుదిపితే చాలు.

ఒంటిగంట దాకా అంతా విప్పి దించాడు. బరువువి అడుగున, అంచుకి అంచు కలిపి పేర్చాడు. నాలుగు మూలలా అట్టబద్దలు నిలబెట్టాడు. పొరని చెక్కతో కలిపి, లాగి బిగిస్తూ పైదాకా తెచ్చాడు. తొమ్మిదో చుట్టుకి నోటిదాకా వచ్చిన మాటని మింగి, ఇంకో మూడు తిప్పాడు. పైన రెండు పట్టీలు బిగించాడు.

చెవి ఆనించి విన్నాడు. చప్పుడు లేదు.

సరుకు చేరింది. ఒక్క సీసా పగల్లేదు. ఆ నెలంతా పగల్లేదు.

నెలాఖరుకి వాచ్‌మన్ వచ్చి తాళాలగుత్తి సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడేమైందయ్యా? చప్పుడు ఆగిపోయిందిగా!"

"అదే సార్. ఇన్నాళ్లూ అది లోపలుందని తెలిసేది. ఇప్పుడెక్కడుందో తెలీడం లేదు."

అతని బదులు రమ్మంటే ఎవరూ ముందుకి రాలేదు. మూడో గేటు దగ్గర రాత్రంతా ఒంటరిగా కూర్చుని బతికి బయటపడ్డవాడు ఒక్కడే ఉన్నాడు. చాల్లేని ప్యాకింగ్‌లోంచి తీసేసి వాచ్‌మన్‌గా వేశారు.