ఉత్తరాన హైవే

"నా పేరుల 'ణి' ఉంటది. మీరు 'ని' కొట్టిన్రు."

మధుసూదన్ కంప్యూటర్ మీంచి తల ఎత్తాడు. ఎత్తకుండా ఉంటే ఈ ప్రేమకథ ఉండేది కాదు. ఆ అమ్మాయికి పెట్రోల్ బంకు మాత్రం ఉండేది.

కోదాడ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా భాస్కర్ గారి దస్తావేజుల దుకాణం. మధు అక్కడ నాలుగేళ్లుగా టైపు కొడుతున్నాడు. ఎదురు కుర్చీలో త్రివేణి, ఆమె పక్కన గొంగడి భుజాన వేసుకున్న ఆమె పెదనాయన వీరేశం కూర్చున్నారు. బయట వాన దంచుతోంది. ఇద్దరూ తడిసే వచ్చారు.

"సారీ మేడం, త్రివేణి అని సరిచేస్తా."

"మా నాయన పేరు లింగస్వామి. అండ్ల ఏ 'ణ' లేదు, పరేషాన్ గాకు అన్నా."

అన్నా అనగానే మధుకి సగం ప్రాణం పోయింది. మిగతా సగం ఆమె నవ్వు పట్టుకుపోయింది.

త్రివేణి సూర్యాపేటలో ఒక బంకులో ఆరేళ్లుగా పని చేస్తోంది. పైపు పట్టుకుని పెట్రోలు కొట్టడంతో మొదలుపెట్టి సూపర్‌వైజర్ దాకా వచ్చింది. ఇప్పుడు మునగాల దగ్గర హైవే మీద కొత్త బంకు కోసం ఒక ఆయిల్ కంపెనీ ప్రకటన వేసింది. దరఖాస్తు పెట్టాలంటే రోడ్డు పక్కన భూమి చూపించాలి. వీరేశానికి అక్కడ పొలం ఉంది. కానీ సొంత పెదనాయన భూమైనా కంపెనీ లెక్కలో పరాయిదే. అందుకని ఇరవై ఏళ్లకి లీజు రాసుకుంటున్నారు. అది గడువు లోపల రిజిస్టర్ కావాలి. గడువు ఎల్లుండితో ముగుస్తుంది.

"హద్దులు చెప్పు పెద్దాయనా."

"తూర్పుకు లచ్చమ్మ చెలక. పడమరకు బండ్లబాట. ముంగల రోడ్డు. ఎనుక కాలువ."

ముందంటే ఏ దిక్కు అని అడగాలి. దస్తావేజు రాసేవాడికి అది మొదటి పాఠం. సరిగ్గా అప్పుడే త్రివేణి తడిసిన జడ ముందుకు వేసుకుని పిండుకుంటూ, "బంకు వచ్చినంక మొదటి లీటరు నీ బండికే పోస్త" అంది.

మధు ఊరు గరిడేపల్లి. అది హైవేకి దక్షిణాన ఉంటుంది. పుట్టిన దగ్గర్నుంచి వాడికి హైవే అంటే ఉత్తరమే. చేతులు వాటంతటవే 'ఉత్తరం: జాతీయ రహదారి, దక్షిణం: కాలువ' అని కొట్టేశాయి. వీరేశం పొలం హైవేకి అవతలి పక్క ఉంది. ఆ పొలానికి రోడ్డు దక్షిణం. పేరులో అక్షరం దిద్దిన మొనగాడు పొలానికి దిక్కులు తిప్పేశాడు. ఆ సంగతి వాడికి తెలియదు. వాడు చూసింది జడని.

దరఖాస్తులు ఎక్కువై కంపెనీ తీసిన లాటరీలో త్రివేణి పేరే వచ్చింది.

ఆ తర్వాత మధు బండికి దాహం ఎక్కువైంది. వారానికి రెండుసార్లు సూర్యాపేట వెళ్లి, ఆమె ఉండే బంకులోనే పెట్రోలు పోయించుకునేవాడు.

"జీరో సూస్కో అన్నా," అనేది త్రివేణి మీటరు చూపిస్తూ. వచ్చిన ప్రతి బండికీ ఆమె చెప్పే మాటే అది. జీరో నుంచి మొదలైతేనే కొలత మీద నమ్మకం.

"చూసినా."

"నువ్వు నన్ను సూస్తున్నవ్. మీటరు గాడుంది."

"కొట్టండి మేడం."

"ఎంత కొట్టాలె?"

"అర లీటరు."

"కోదాడల బంకులు మూసిన్రా? నలభై కిలోమీటర్లు వచ్చి అర లీటరు పోపిచ్చుకుంటున్నవ్."

"ఇక్కడ కొలత సరిగ్గా ఉంటదంట."

"అర లీటరుకు కొలతేముంటది," అని నవ్వేది. ఆ నవ్వు తిరుగు ప్రయాణానికి సరిపోయేది. పెట్రోలు మాత్రం సరిపోయేది కాదు. మునగాల దగ్గర మళ్లీ పోయించుకునేవాడు.

ఆ సంబరం మూడు నెలలు నడిచింది. లాటరీ జాబితాలో రెండో పేరు ఉన్నాయన దస్తావేజు నకలు తీయించి కంపెనీకి ఫిర్యాదు పెట్టాడు. ఈ కాగితం ప్రకారం ఆ భూమికి దక్షిణాన కాలువ ఉంది, రోడ్డు లేదు, కాబట్టి చూపించిన భూమి, రాసిన భూమి ఒకటి కావు అన్నాడు. కంపెనీ త్రివేణికి నోటీసు పంపింది. ఆమె దాన్ని పట్టుకుని నేరుగా మధు దగ్గరికి వచ్చింది.

చదువుతుంటే మధుకి తప్పు ఎక్కడ జరిగిందో మొదటి లైన్లోనే తెలిసిపోయింది.

"సవరణ దస్తావేజు రాస్తే సరిపోద్దేమో," అన్నాడు ఎలాగో.

రాయడానికి కూర్చుంటే భాస్కర్ గారు వెనక నుంచి ఆనవాయితీ గుర్తుచేశారు. "సవరణలో తప్పెప్పుడూ పార్టీది. మనదని రాస్తే రేపు ఈ దుకాణం గుమ్మం ఎవడు తొక్కుతాడు? నీకిక్కడ పనుండదు." మధు తల ఊపాడు. 'భూయజమాని పొరపాటున హద్దులు తప్పుగా చెప్పినందున' అని కొట్టాడు.

వీరేశం మిర్యాలగూడలో కూతురి ఇంట్లో ఉంటున్నాడు. ఆయన్ని రిజిస్ట్రేషన్‌కి తీసుకురావడానికి ఇద్దరూ బస్సెక్కి వెళ్లారు. ఆయనకి చదువు రాదు. మధు కాగితం చదివి వినిపించాడు. 'పొరపాటున' అన్న మాటని గబగబా దాటేశాడు.

"పెదనాయనా, అరవై ఏండ్లు గాడ గొర్లను కాసినవ్," అంది త్రివేణి. "నీ పొలానికి రోడ్డు ఏ దిక్కున్నదో నీకు తెల్వదా?"

ముసలాయన మధు వంక చూశాడు. మధు కాగితం వంక చూశాడు.

"నేనే తప్పు జెప్పిన బిడ్డా," అన్నాడు వీరేశం గొంగడి సర్దుకుంటూ. "ఈ నడుమ పొద్దు ఏడికెల్లి పొడుస్తదో గూడ యాదికుంటలేదు."

"యాదికి లేకపోతె లేదని జెప్పాలె గద. నా బతుకు ఆగం జేస్తివి."

ఆయన వేలిముద్ర వేయడానికి చెయ్యి చాపాడు.

తిరుగు బస్సులో ఆయన ముందు సీట్లో కునుకు తీస్తున్నాడు. కిటికీ సందులోంచి జల్లు కొడుతుంటే త్రివేణి ఇవతలికి జరిగింది. ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాడు మధు. ఇప్పుడు చెప్పకపోతే మనిషినే కాను అనుకున్నాడు.

"త్రివేణీ, నీకొక మాట చెప్పాలె."

"నేను గూడ. ముందు నేనే చెప్త." ఆమె కిటికీ వైపు తిరిగింది. "నిన్ను అన్నా అనుడు బంద్ జేద్దామనుకుంటున్న. ఏమంటవ్?"

మూడు నెలలుగా ఆ మాట కోసమే వాడు అర లీటర్లు పోయించుకున్నాడు. అది వచ్చి ఒళ్లో పడేసరికి, చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది.

"మరి నువ్వేమో చెప్పాలంటివి?"

"అదే మాట," అన్నాడు. అది వాడు ఆమెకి చెప్పిన మొదటి అబద్ధం.

గడువు దాటాక దిద్దిన కాగితం చెల్లదని కంపెనీ దరఖాస్తు కొట్టేసింది. త్రివేణి హైకోర్టులో రిట్ వేసింది. కేసు రెండేళ్లు నడిచింది. ఆ రెండేళ్లూ వాయిదా పడిన ప్రతిసారీ ఆమె మధు భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేది. వాడు ఆమె తల నిమురుతూ తన మొహం తనే చూసుకోలేక చచ్చేవాడు. ఆమె పెదనాయనతో మాట్లాడటం మానేసింది. పండక్కి పిలిచినా పోలేదు. "సొంతోడే ముంచిండు" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా మధుకి అన్నం దిగేది కాదు.

చివరికి తీర్పు వచ్చింది. రాతలో పొరపాటు జరిగి ఉంటే ఆలోచించదగ్గదే గానీ, భూయజమానే తప్పు చెప్పానని సవరణలో ఒప్పుకున్నాక దాన్ని రాతపొరపాటు అనలేమంది కోర్టు. రిట్ కొట్టేశారు. కేసు పోయింది మధు కొట్టిన ఆ ఒక్క లైను వల్ల. మూడు నెలలు తిరక్కుండానే కిలోమీటరు అవతల రెండో పేరు ఆయన బంకు లేచింది.

ఇక లీజుతో పనిలేదు. రద్దు దస్తావేజు రాయించుకోవడానికి మళ్లీ ఆ ముగ్గురూ అదే బల్ల దగ్గర కూర్చున్నారు. మళ్లీ వానే. త్రివేణి, వీరేశం మధ్య ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

మధు కీబోర్డు మీద చేతులు పెట్టి తీసేశాడు.

"ఆ రోజు పెద్దాయన సరిగ్గనే చెప్పిండు. ఉత్తరమని రాసింది నేను. సవరణల ఆయన తప్పని రాసింది గూడ నేనే."

త్రివేణి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఎప్పటిసంది ఎరుక నీకు?"

"నోటీసు చదివిన రోజు నుంచి."

"బస్సుల నేను ఆ మాట అన్నప్పుడు గూడ ఎరుకనే."

"ఆ."

ఆమె పెదనాయన వైపు తిరిగింది. రెండేళ్ల తర్వాత ఆయన మొహంలోకి చూడటం అదే మొదటిసారి. "నీకు యాదికున్నది. ఎందుకు చెప్పలే?"

"చెప్తె ఈ పిలగాని నౌకరి పోతుండె. నువ్వు ఈన దిక్కు సూసే సూపు నేను సూసిన బిడ్డా, అది ఇరిగిపోతుండె. ముసలోన్ని, నా మీదేసుకుంటె ఏమైతదనుకున్న." ఆయన గొంగడి అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. "గా కాగితమే కేసు పోగొడ్తదని నాకేమెరుక."

త్రివేణి లేచి వానలోకి వెళ్లిపోయింది. రిజిస్ట్రార్ ఆఫీసు గోడ దగ్గర, చూరు కిందికి కూడా పోకుండా తడుస్తూ నిలబడింది. మధు వెనకాల పోలేదు. పోయే మొహం వాడికి లేదు. పావుగంట గడిచింది. ఇక రాదు, ఈ జన్మకి ఇంతే అని వాడు తేల్చుకున్నాడు.

ఆమె వచ్చింది. ఈసారి పెదనాయన పక్క కుర్చీలో కూర్చుని ఆయన చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. జడ పిండుకోలేదు.

"రాయి. దిక్కులు నేను చెప్త. తల ఎత్తకు."

"తూర్పు?"

"లచ్చమ్మ చెలక."

"పడమర?"

"బండ్లబాట."

"ఉత్తరం?"

"కాలువ."

"దక్షిణం?"

బల్ల అంచు మీద నీళ్ల చుక్కలు పడుతున్నాయి. అవి జడవో కళ్లవో వాడికి తెలియదు. తల ఎత్తొద్దంది కదా.

"హైవే," అంది త్రివేణి.

రద్దుకి కారణం రాయాల్సిన చోట మధు ఎవరినీ అడగలేదు. 'దస్తావేజు రాసిన మధుసూదన్ హద్దులు తప్పుగా రాసినందున' అని కొట్టాడు. వెనక నుంచి భాస్కర్ గారు ఆ లైను తీసెయ్యమన్నారు. వాడు తీయలేదు. "అయితే రేపటి నుంచి రాకు," అన్నారాయన. సరే అన్నాడు. అదే లైను రెండేళ్ల ముందు కొట్టి ఉంటే హైవే పక్కన ఆమె బంకు ఉండేది. అది తలుచుకుంటే వాడికి బతకబుద్ధి కాలేదు.

"రాసుడు అయిందా?"

"అయింది."

"మల్లొకసారి సూస్కో."

"చూసిన. తప్పు లేదు."

"నిన్ను మాఫ్ జేస్తనో లేదో నాకే తెల్వది. బంకు రాదు. మా పెదనాయన్ని నేనన్న మాటలు ఎనుకకు రావు. నీ మీద కోపం ఈ ఏడు పోదు, వచ్చే ఏడు గూడ పోదు." ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "అయినా గాడ వానల నిలవడితే, ఇగ ఎటు పోవాలెనో తెల్వలే. కాళ్లు ఈడికే తెచ్చినయ్."

వాడు కీబోర్డు మీద అక్షరాలే చూస్తున్నాడు. అవి మసకగా కనిపిస్తున్నాయి.

"ఇగ తల ఎత్తు, మధూ," అంది త్రివేణి. "జీరో సూస్కో."