మెట్లెక్కడానికో వంక

అతను మొట్టమొదటిసారి విమానం గుమ్మంలో నిలబడి అన్న మాట తలుచుకుంటే, ఆమెకు నవ్వూ కోపమూ కలిసే వస్తాయి.

"మేడం, ముందువైపు బరువెక్కువైంది. ఇద్దరిని వెనక్కి పంపండి."

"ఏ ఇద్దరిని?"

"కాస్త బొద్దుగా ఉన్నవాళ్లయితే మంచిది."

ముందు సీట్లోని భారీ పెద్దమనిషి పేపరు దించి చూశాడు. ఆయన్ని బతిమాలి, బుజ్జగించి వెనక కూర్చోబెట్టేసరికి ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది.

"ఆ మాట నా చెవిలో చెప్పకూడదూ?" అని మెట్ల దగ్గర కడిగేసింది.

"చెవిదాకా వస్తే అదింకో తగువు కదండీ!"

యాభై సీట్ల చిన్న విమానం అది. ఎయిర్ హోస్టెస్ ఆమె ఒక్కతే. కింద సామాను ఎక్కించి, తూకం సరిచూసేది అతను. తూకం అటూ ఇటూ అయితే మనుషుల్ని జరపాలి. ఆ కబురు పట్టుకుని రోజూ మెట్లెక్కి వచ్చేవాడు. ఆమె 'తూకాలాయన' అని పేరు పెట్టేసింది.

వానలో తడిసి వచ్చిన రోజున, "మీరు పట్టుకొచ్చిన నీళ్లు తూకంలో కలిపారా?" అంటూనే తుడుచుకోడానికి నాప్కిన్లు చేతిలో కుక్కేది.

ఇంతలో చిన్న విమానాలు తీసేస్తున్నారన్న వార్త వచ్చింది. వాటి బదులు నూట ఎనభై సీట్ల పెద్దవి. ఆ పెద్ద విమానాల కంపెనీ ఆమెను తీసుకుంది, ట్రైనింగుకు రమ్మంది. పెద్ద విమానంలోకి టెర్మినల్ నుంచి నేరుగా వంతెన మీద నడిచి వెళ్లడమే. తూకం లెక్క కంప్యూటర్లోంచి తిన్నగా పైలట్‌కు వెళ్తుంది. కిందున్న మనిషికి పైకొచ్చే పనే ఉండదు.

అది తలుచుకుంటే ఆమెకు ముద్ద దిగడం లేదు. అతనేమో పెళ్లివారింటి సందడంతా మొహంలో మోసుకొచ్చాడు.

"అందులో మీతో ఇంకో ముగ్గురు హోస్టెస్‌లుంటారటండీ! ఎప్పుడొస్తుందో ఆ పెద్ద విమానం!"

"అంత సంబరమేమిటి? నా పీడ వదులుతుందనా?"

అతని మొహం చిన్నబోయింది. మెట్లు దిగిపోయాడు.

మర్నాడు రాలేదు. లెక్క పైలట్‌కు రేడియోలో వచ్చింది.

"రేడియోలో కూడా చెప్పొచ్చా?" ఆమె తెల్లబోయింది.

"మొదట్నుంచీ పద్ధతి అదే," పైలట్ నవ్వాడు. "నోటితో చెబితేగానీ తృప్తి ఉండదని అతనే పైకొచ్చేవాడు."

చిన్న విమానానికి చివరి రోజు వచ్చింది. సన్నగా చినుకులు. ప్రయాణికులంతా ఎక్కారు. ఆమె గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపి పిలిచింది. అతను వచ్చి పైమెట్టు మీద ఆగిపోయాడు.

"రేడియో ఉండగా మెట్లెక్కేవారెందుకు?"

అతను మొహం మీది చినుకులు తుడుచుకున్నాడు.

"మీరు నిలబడే తింటారు. బిస్కట్టు నోట్లో పెట్టుకోగానే ఎవరో నీళ్లడుగుతారు. పెద్ద విమానంలోనైనా కూర్చుని తింటారని సంబరపడ్డాను. ఇంటికెళ్లాక గానీ నా సంగతి తట్టలేదు." గొంతు తగ్గించాడు. "ఇన్నాళ్లూ పని వంకతో వచ్చాను. రేపట్నుంచి ఆ వంకా లేదు. వంక లేకుండా రావాలంటే ఎక్కడికి రావాలో చెప్పండి."

ఆమె సరిగ్గానే ఉన్న స్కార్ఫును మళ్లీ సర్దుకుంది.

ముందు సీట్లోని బామ్మగారు మెడ సాచారు. "ఏదో ఒకటి తేల్చమ్మా! అవతల మా అమ్మాయి కాచుకుని ఉంటుంది."

"ఆదివారం మా ఇంటికి రండి," అంది ఆమె, చెవులదాకా ఎర్రబడి. "అమ్మా నాన్నా ఉంటారు. మీరే చెప్పుకోవాలి."

"ఏమని?"

"అదీ నేనే నేర్పాలా?"

అతను రెండేసి మెట్లు దూకుతూ దిగాడు. ఆమె తలుపు మూసి మైకు అందుకుంది. నిద్రలో లేపినా గడగడా అప్పజెప్పే ప్రకటన. మొదటి ముక్క కూడా గుర్తు రాలేదు. యాభై జతల కళ్లు ఆమెనే చూస్తున్నాయి.

"నిదానంగా గుర్తు తెచ్చుకో తల్లీ," అన్నారు బామ్మగారు, సీట్లో వెనక్కి జారగిలబడి. "మాకేం తొందర లేదు."