లెక్కకు రాని పిల్ల

సర్కారు మనుషులు వస్తున్నారంటే ఆ రోజుల్లో ముడిమ్యాలలో కోడిపుంజులు కూడా కూయడం మానేసేవి. నమ్మకపోతే మానండి. బాలప్ప అనే ఆసామి తన ఎద్దును గడ్డివాములో దాస్తే, అది తెల్లారేసరికి వామంతా మేసి, నడిబజారులో నెమరువేస్తూ నిలబడింది. ఆ వాము ఎంత పెద్దదో అడగకండి. నాకు అబద్ధాలు చేతకావు.

పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి వానకాలం అది. చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ఉన్న ఊళ్లకు రాబోయే ముప్పై యేళ్లకు సరిపడా ప్లాను వేయాలని సర్కారు తలచింది. రోడ్డు ఎటు పోవాలి, బడి ఎక్కడ కట్టాలి, పశువులు మేయడానికి ఏ కంచె బీడు వదలాలి, అన్నీ నక్షా అనే పటం మీద ముందే రంగులు పూసి పెడతారట. దానికి ఊరూరా మనుషులను లెక్కపెట్టాలి.

కాగితం, కలం చూస్తే జనం పారిపోతున్నారని లెక్కకు వచ్చిన కుర్రాడొక ఉపాయం పన్నాడు. తలకొక చింతగింజ సంచిలో వేసుకోవడం. వాడి పేరు దయానందం. మొయినాబాద్ వాడు. మిషన్ బడిలో చదువుకున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గాలివానలో నడిస్తే వాడికి గొడుగు కాదు, గొడుగుకే వాడు ఆసరా.

ఉపాయం మంచిదే. కానీ వాడికన్న ముందు పుకారు ఊళ్లోకి వచ్చింది. లెక్కలోకి వచ్చిన వాళ్లందరినీ రోడ్డు పనికి వెట్టికి పట్టుకుపోతారని. కూలి లేని చాకిరీ ఆ ఊరికి కొత్త కాదు. భయపడక ఏం చేస్తారు?

"ఇంట్ల ఎంతమంది?" అని దయానందం స్వామిదాసు వాకిట్లో నిలబడి అడిగాడు. స్వామిదాసంటే ఆ వాడకు పెద్ద మనిషి. ఆయన మాట మీదే వాడ నడిచేది.

"నేను, నా పెండ్లాం మారెమ్మ. గంతే."

"పిల్లలు?"

"లేరు."

అప్పుడే మూలనున్న వెదురు గుమ్మిలోంచి పెద్ద తుమ్ము వినిపించింది. వానకాలం కదా, గుమ్మిలో గింజ లేదు. దుమ్ము మాత్రం ఉంది.

"ఎలుక," అన్నాడు స్వామిదాసు.

"ఎలుకకు పడిశం పట్టినట్టున్నది. జర శొంఠి కషాయం పోయుండ్రి, మామా."

స్వామిదాసు కట్టె అందుకున్నాడు. "ఎవనికిరా మామ?"

"బిడ్డనే లేదంటివి. ఇగ మామ అంటె కోపమెందుకు?"

కట్టె లేవకముందే దయానందం రోడ్డెక్కాడు. కానీ పోతూ పోతూ వెనక్కి చూశాడు. గుమ్మి అంచు మీంచి రెండు కళ్లు, వాటి కింద నవ్వు ఆపుకోవడానికి గట్టిగా మూసిన నోరు. ఆ చూపు తగిలి వాడు పెంటకుప్పలో అడుగేశాడని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ తరువాత లెక్క తప్పిందంటూ ఊళ్లో ఒక్క ఇంటికే మళ్లీ మళ్లీ వచ్చేవాడు. ఏ ఇంటికో నేను చెప్పాలా?

ఒకనాటి పొద్దున తుంపర పడుతుండగా వాగొడ్డున చెలమ దగ్గర ఆ పిల్ల కనబడింది. పేరు కరుణ. కుండ ముంచుతోంది.

"ఏం ఎలుకమ్మా, గుమ్మి ఇడిసి వచ్చినవ్?"

"లెక్కల సారు ఎలుకలతోని మాట్లాడుతడని ఊరంత తెలిస్తె పరువు పోతది. మెల్లగ మాట్లాడు."

"ఊర్లె లేని పిల్లవు. నీకు నీళ్లెందుకు?"

"లేని పిల్లతోని నీకు ముచ్చటెందుకు?"

వానకూ నవ్వొచ్చిందేమో, కాస్త గట్టిగా కురిసింది. కరుణ వాడి సంచి వైపు చూసింది.

"గా గింజలు లెక్కవెట్టి మమ్ములనేం చేస్తరు?"

"ఏం చేయరు. మీ ఊరి ముంగట కంచె ఉన్నది చూడు, అండ్ల ఆడోళ్ల దవాఖాన కట్టాలని నక్షల అనుకున్నరు. రోడ్డు మీది ఊర్లకన్నిటికి ఒక్కటే దవాఖాన. ఏ ఊర్లె జనం ఎక్కువుంటె ఆడ. కానీ మీ ఊర్లె చూస్తే ముసలోళ్లు, గోడలు తప్ప మనుషులే లేరు. ఎల్లుండి మా పెద్దసాబు వచ్చి రంగు పూస్తడు. పూసినంక ముప్పై యేండ్లు అడిగేటోడు లేడు."

కరుణ చేతిలో కుండ ఆగిపోయింది. నవ్వు ఎటు పోయిందో తెలియదు.

"మా అక్క మేరీకి నొప్పులొస్తె బండి కట్టి పట్నం తీస్కపోయినం. మొయినాబాద్ దీపాలు కనవడ్డయి. ఇంకేం గాదు బిడ్డా, వచ్చేసినం అని నాయన అంటనే ఉన్నడు. ఆమె ఇనలే." ఆమె కుండను ఒడ్డున పెట్టింది. "గీ ముచ్చట ముందుగాల ఎందుకు చెప్పలే?"

"చెప్తనే ఉన్న. మీ నాయన కట్టె తీస్తుండు."

"మరి నువ్వే గుప్పెడు గింజలు ఎక్కువెయ్యరాదు?"

"ఏస్త. పెద్దసాబు గింజకొక మనిషిని చూపమంటె? నా కొలువు పోతది. పోతె పోనీ, దవాఖాన గూడ పోతది. ఇగ మిగిలింది ఒక్కటే తొవ్వ. స్వామిదాసు అబద్ధమాడిండు, ఊరంత ఆయన ఎనక ఆడింది అని నేనే సాబు ముంగట చెప్పాలె." వాడు తల గోక్కున్నాడు. "చెప్పినంక ఆయన నాకు పిల్లనిస్తడా?"

"ఏ పిల్లను?"

నోరు జారిన సంగతి అప్పుడు తెలిసింది వాడికి. చెవులు మిరపపండ్లయ్యాయి.

"గదే... ఊర్లె లేని పిల్లను."

కరుణ దోసెడు నీళ్లు వాడి ముఖాన కొట్టి కుండ ఎత్తుకుంది. పది బారలు పోయి ఆగింది. తిరిగి చూడకుండానే అంది. "నాయన మీద చెప్పకు. ఆయన తల దించుకుంటె నేను చూడలేను. నాకు జర ఆలోచించనియ్యి."

ఇక ఆ రెండు రోజులు ఇద్దరికీ ముద్ద దిగలేదు. కరుణ తండ్రితో చెప్పబోయి నాలుగు సార్లు నోరు తెరిచింది, నాలుగు సార్లూ మూసుకుంది. వెట్టి మాట ఎత్తితేనే ఆయన కళ్లు ఎర్రబడేవి. దయానందం సంచి విప్పి చూసుకునేవాడు. గింజలు పెరగలేదు.

ఎల్లుండి రానే వచ్చింది. కంచెలో డేరా వేశారు. చేవెళ్ల బంగ్లా నుంచి పెద్దసాబు గుర్రపు బగ్గీలో దిగాడు. బల్ల మీద నక్షా పరిచారు. అది గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టారు. ఒక పక్కన ఎర్రరంగు గిన్నె, కుంచె. దవాఖాన రంగు అది. ముందు వరుసలో స్వామిదాసు, ఆయన వెనక సగం ఊరు. మిగతా సగం ఎక్కడెక్కడో దాక్కుని ఉంది.

దయానందం సంచి బల్ల మీద పెట్టాడు. పెద్దసాబు దాన్ని చేత్తో తూచి చూశాడు.

"ఇంతేనా? ఈ ఊరికి దవాఖాన ఎందుకు? బావి సరిపోతది." కుంచె రంగులో ముంచి, చెయ్యి పక్క ఊరి మీదికి తిప్పాడు.

దయానందం నోరు తెరిచాడు. స్వామిదాసును చూసి మళ్లీ మూసుకున్నాడు. కుంచె చివర ఎర్రచుక్క ఊరింది, ఇప్పుడో అప్పుడో రాలేలా.

"ఆగుండ్రి సాబ్!"

జనాన్ని తోసుకుంటూ కరుణ వచ్చింది. జుట్టు నిండా గుమ్మి దుమ్ము. పిడికిలి విప్పి ఒక చింతగింజను నక్షా మీద పెట్టింది, సరిగ్గా ఆ కంచె ఉన్నచోట.

"నేను గూడ గీ ఊరిదాన్నే. స్వామిదాసు బిడ్డను."

పెద్దసాబు కుంచె పక్కన పెట్టాడు.

"క్యా స్వామిదాస్? నీకు బిడ్డలే లేరని చెప్పినవట?"

స్వామిదాసు చేతి కట్టెను బల్లకు ఆనించాడు. వెట్టికి పోయి వంగిన తన తండ్రి వీపు గుర్తొచ్చిందో, బండిలో ఆగిపోయిన ఊపిరి గుర్తొచ్చిందో. ఆయన తల దించుకోబోతుంటే కరుణ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నాయనా, అక్క కోసం. దవాఖాన ఆడోళ్లదట. గీడనే, మన కంచెల."

స్వామిదాసు కూతురి ముఖం చూశాడు. తరువాత తల ఎత్తాడు.

"అబద్ధమాడిన సాబ్. నాకు బిడ్డలు ఇద్దరు. ఒకామెను తొవ్వల పోగొట్టుకున్న. ఇంకొకామెను వెట్టికి పట్టుకపోతరని దాచుకున్న."

"వెట్టి ఎవరు చెప్పిన్రు? ఈ లెక్కతోని ఒక్కరిని గూడ పనికి పట్టుకపోము. ఇది నా జబాన్, మాటిస్తున్న."

స్వామిదాసు వెనక్కి తిరిగి చేతులు నోటికి పెట్టుకుని ఊరి వైపు ఒక్క కేక వేశాడు. "బయటికి రాండ్రోయ్!"

అంతే. గుమ్ముల్లోంచి, అటకల మీంచి, బాలప్ప కొత్త గడ్డివాములోంచి జనం ఊడిపడ్డారు. దయానందం సంచి నిండి, రుమాలు నిండి, సాబు టోపీ అడిగి తీసుకోవాల్సి వచ్చింది. టోపీ కూడా నిండి నక్షా మీద పొర్లింది. ఇది మాత్రం ఒట్టు.

ఎర్రరంగు ముడిమ్యాల కంచె మీద పడింది.

పెద్దసాబు మీసం దువ్వుకుంటూ అడిగాడు. "ఇది ముప్పై యేండ్ల ప్లాను. అప్పటికి ఎంత జనమైతరో గూడ చూసుకోవాలె. చెప్పు స్వామిదాస్, అప్పుడు మీ ఇంట్ల ఎవరెవరుంటరు?"

స్వామిదాసు గింజలు చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. "నేనుంట దేవుని దయుంటె. మారెమ్మ. నా బిడ్డ కరుణ. దాని మొగడు. దాని పిల్లలు..."

"ఠైరో. మొగడా? వాణ్ని గూడ దాచినవా? ఏ గుమ్మిల ఉన్నడు?"

జనం గొల్లుమన్నారు. కరుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్వామిదాసు మాత్రం నవ్వలేదు. కట్టె ఎత్తి చూపించాడు.

"దాచలే సాబ్. వారం సంది రోజు వచ్చి మా గుమ్మినే లెక్కవెడుతుండు. గిప్పుడు మీ టోపి పట్టుకొని నిలవడ్డడు."

దయానందం చేతిలోని టోపీ కిందపడింది. చింతగింజలు కంచె అంతా చెల్లాచెదురయ్యాయి. ఏరడానికి వాడూ కరుణా ఒక్కసారే వంగారు.