బూడిద రాజు వీపు

“ఏంటీ, గంట మోగించావా?”

ఎల్మెర్ ఆ మాట అన్న తీరుకే సగం మంది నవ్వారు. మిగతా సగం కూడా నవ్వాలని అతను కుర్చీ ఎక్కాడు.

లీమా నగరానికి ఉత్తరాన కోమాస్‌లో డాన్ ఎవరిస్తో, అంటే ఎవరిస్తో గారు, నడిపే గేమ్స్ సెంటర్ ఉంది. అక్కడ ప్రతి శనివారం సాయంత్రం ఇదే గొడవ. ‘బూడిద కిరీటం’ గొప్పదా, ‘నీలి అడవి’ గొప్పదా? రెండూ కత్తులూ మంత్రాలూ రాక్షసులూ ఉన్న వీడియో గేమ్‌లే. అయినా ఒకదాన్ని ప్రేమించినవాళ్లు రెండోదాన్ని ప్రేమించినవాళ్ల పక్కన కూర్చోవడానికి కూడా ఇష్టపడరు. మొదటిదాంట్లో అడుగుకో చావు. చచ్చి లేచి, మళ్లీ చచ్చి లేచి, చివరికి బూడిద రాజుని చంపితే ఒళ్లు జలదరిస్తుంది. రెండోదాంట్లో గుర్రమెక్కి ఎటైనా పోవచ్చు, చేపలు పట్టి పులుసు వండుకోవచ్చు, దారిలో కలిసినవాళ్లని స్నేహితులుగా వెంటేసుకోవచ్చు.

బూడిద కిరీటం తరఫున ఎల్మెర్ పెద్ద లాయరు. ఆ రోజు నీలి అడవి తరఫున లేచింది ఫియొరెల్లా. పొద్దున్నంతా మార్కెట్లో పిన్నిగారి పళ్లరసాల దుకాణంలో బొప్పాయిలు కోసి, మధ్యాహ్నానికి సెంటర్‌కి వచ్చే పిల్ల.

“మోగించాను. అయితే?” అంది ఆమె. “నీ ఆట కూడా ఆడి మాట్లాడుతున్నాను బాబూ. రాజు దగ్గర నా వల్ల కాలేదు. గంట కొట్టాను. ఎవరో వచ్చారు. ఇద్దరం కలిసి చంపాం. ఒకరికొకరం వంగి దణ్ణం పెట్టుకున్నాం. ఆ గేమ్ మొత్తంలో నాకు నచ్చింది ఆ ఒక్క నిమిషమే.”

బూడిద కిరీటంలో ఆ సదుపాయం ఉంది. చేతకాకపోతే గంట మోగించవచ్చు. ప్రపంచంలో ఎక్కడో కూర్చున్న ఇంకో ఆటగాడు నీడలా వచ్చి, సాయం చేసి, వెళ్లిపోతాడు. గేమ్ దీన్ని తప్పనదు. తప్పనేది అభిమానులే. డాన్ ఎవరిస్తో గోడ మీద రాజుని ఒంటరిగా చంపినవాళ్ల ఫొటోలు మాత్రమే ఉంటాయి. ఎల్మెర్ ఫొటో సరిగ్గా మధ్యలో, పళ్లన్నీ కనపడేలా ఉంటుంది.

“టింగ్! టింగ్! టింగ్!” అన్నాడు ఎల్మెర్ కుర్చీ మీద నుంచి, చేత్తో గంట ఊపుతున్నట్టు ఊపుతూ. “అమ్మా, ఎవరైనా రండి, నన్ను కాపాడండి!”

అతని స్నేహితుడు రోనాల్ అందుకున్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. గదంతా టింగ్ టింగ్ అని మోగిపోయింది. ఫియొరెల్లా సంచీ తీసుకుని, ఎల్మెర్ వైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

ఇక్కడ మీకో సంగతి చెప్పెయ్యాలి. మన వీరుడు ఎల్మెర్ కూడా గంట మోగించినవాడే.

సెంటర్ ఖాళీగా ఉన్న ఒక పొద్దుట, డాన్ ఎవరిస్తో రొట్టె కొనుక్కురావడానికి వెళ్లినప్పుడు, నాలుగు వైపులా చూసి మరీ మోగించాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి రాజుతో యుద్ధమంతా చేశాడు. మనవాడు వెనక నిలబడి వీపు మీద పొడిచాడు. ఆ మనిషి వెళ్లిపోయాడు, తెర మీద కిరీటం వెలిగింది, డాన్ ఎవరిస్తో రొట్టెలతో తిరిగొచ్చాడు. “ఒక్కడివే?” అని అడిగితే “ఒక్కణ్నే బాబాయ్” అనేశాడు. ఆ మాటకి ఫొటో వచ్చింది. ఆ ఫొటో ఎదుటే నిలబడి ఇప్పుడు ఒక ఆడపిల్లని నవ్వులపాలు చేశాడు.

ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు. “ఒంట్లో బాగాలేదా?” అని వాళ్లమ్మ అడిగింది. ఒంట్లో బాగానే ఉంది. సిగ్గు ఒక్కటే అరగడం లేదు.

వారం రోజులకు పైగా ఫియొరెల్లా రాలేదు. తర్వాత ఒక సోమవారం, ఆకాశంలోంచి సన్నటి తుంపర తనలో తాను గొణుక్కుంటూ పడుతున్న వేళ, జుట్టు మీద నీటిపొడితో వచ్చి అతని ముందు నిలబడింది.

“నేర్పు.”

“ఏంటి?”

“రాజుని ఒక్కదాన్నే చంపడం. గోడ మీద అన్ని పళ్లు బయటపెట్టావుగా, ఆ విద్య నేర్పు.”

వద్దనడానికి ఎల్మెర్ నోరు తెరిచాడు. ఆమె కనురెప్పల మీద కూడా తుంపర ఉంది. నోరు మూసుకుని పక్కన కుర్చీ లాగాడు.

అలా మొదలైంది. ఆమె రోజూ ప్లాస్టిక్ సంచీలో బొప్పాయి రసం, రెండు స్ట్రాలు తెచ్చేది. “మాస్టారూ” అని పిలిచేది. ఆ పిలుపు విన్నప్పుడల్లా అతని చెవులు వేడెక్కేవి.

“మాస్టారూ, మీ ఆటలో ఎవరూ నవ్వరేంటి? అందరికీ పంటినొప్పా?”

“లోకం నాశనమైపోతుంటే నవ్వుతారా? మీ ఆటలో పులుసు తప్ప ఏముంది?”

“పులుసుని తక్కువ చెయ్యకు. ఉప్పెక్కువైతే మా గుర్రం కూడా అలుగుతుంది.”

“గుర్రం అలిగే ఆట ఒక ఆటా!”

“మీ రాజు అంత కత్తి పట్టుకుని ఏళ్ల తరబడి ఒక్కడే ఆ గదిలో ఎందుకున్నాడో ఎప్పుడైనా ఆలోచించావా? ఒక్క స్నేహితుడుంటే ఇంత గొడవ ఉండేదా?”

ఎల్మెర్ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ ఆలోచించాడు. రాజు గురించి మొదలుపెట్టినవాడు ఆమె నవ్వినప్పుడు ఎడమ బుగ్గ మీద పడే సొట్ట గురించి ముగించాడు.

ఆమె బాగా ఆడుతుంది. రాజు మొదటి రూపాన్ని వారం తిరక్కుండానే పడగొట్టింది. చిక్కంతా రెండో రూపంతో. అప్పుడు రాజు ఒళ్లంతా నిప్పై, చేతిలో గది పొడవు కత్తితో లేస్తాడు. ఎల్మెర్ తనకి తెలిసిన ఒకే ఒక్క ఉపాయం చెప్పాడు.

“కత్తి పైకెత్తగానే వెనక్కి వెళ్లిపో. వీపు మీద అంగీ చిరిగి ఉంటుంది చూడు, అక్కడ పొడువు.”

ఆమె పరుగెత్తింది. రాజు ఆమెతోపాటే తిరిగాడు. కత్తి దిగింది. చచ్చింది.

“ఇంకాస్త తొందరగా,” అన్నాడు మాస్టారు.

ఇంకా తొందరగా వెళ్లింది. రాజు ఇంకా తొందరగా తిరిగాడు. మళ్లీ చచ్చింది. వెనక బల్ల దగ్గర నుంచి రోనాల్ “టింగ్ టింగ్” అన్నాడు. ఎల్మెర్ తల ఎత్తలేదు.

మంగళవారం ఫియొరెల్లా కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని అతని వైపు తిరిగింది.

“మాస్టారూ, నువ్వు రాజు వీపు నిజంగా చూశావా?”

“చూశాను. ఒట్టు.” అదొక్కటీ నిజం.

“మరి నువ్వు వీపు చూస్తున్నప్పుడు, ఆయన ఎవర్ని చూస్తున్నాడు?”

ఎల్మెర్ చూపు తెర మీదికి పారిపోయింది. నిజమే. ఒంటరిగా ఆడేవాళ్లకి రాజు వీపు కనపడదు. రాజు ఎప్పుడూ వాళ్ల వైపే తిరుగుతాడు. ఎదురుగా ఇంకొకరు నిలబడి దెబ్బలు తింటుంటేనే వెనకున్నవాడికి వీపు దొరుకుతుంది. తన ఉపాయమే తనని పట్టించిందని ఆ క్షణంలో అర్థమైంది.

“అప్పట్లో... ఆ వెర్షన్ వేరు,” అన్నాడు. ఆ మాట తనకే అసహ్యంగా వినిపించింది.

“ఓహో,” అంది ఆమె. రసం తాగింది. మర్నాడు మళ్లీ వచ్చింది. అదే ఉపాయంతో, అంతే శ్రద్ధగా, వెనక్కి పరుగెత్తుతూ చచ్చింది. గురువారం అదే. శుక్రవారం అదే. చచ్చిన ప్రతిసారీ “నాదే తప్పు మాస్టారూ, తొందరగా తిరగలేకపోయాను” అనేది. రోనాల్ టింగ్ టింగ్ అనేవాడు. ఎల్మెర్‌కి నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించేది. చెప్పేస్తే ఈ కుర్చీ పక్క కుర్చీ, ఈ రెండు స్ట్రాలు, “మాస్టారూ” అన్న పిలుపు, అన్నీ పోతాయి. చెప్పకపోతే ఆమె ఇలా రోజూ తన అబద్ధానికి బలవుతూనే ఉంటుంది.

శనివారం వచ్చింది. గది నిండా జనం. “ఏరా లాయరూ, మొదలుపెట్టు!” అన్నారు. ఎల్మెర్ లేచాడు. కుర్చీ ఎక్కలేదు. గోడ దగ్గరికి వెళ్లి తన ఫొటో పీకాడు.

“ఒరేయ్, మేకు జాగ్రత్త! గోడ నాది!” అన్నాడు డాన్ ఎవరిస్తో.

“నేను ఒక్కణ్నే చంపలేదు బాబాయ్. గంట మోగించాను. యుద్ధం చేసింది వేరేవాడు. నేను వెనక నుంచి పొడిచాను అంతే.”

తలలన్నీ గోడ వైపు తిరిగాయి.

“నేను రొట్టెకి వెళ్లినప్పుడా?” అన్నాడు డాన్ ఎవరిస్తో, నమ్మలేక.

“అప్పుడే.”

ముందుగా తేరుకున్నది రోనాల్. “టింగ్!” అన్నాడు మెల్లగా. ఇక ఆపేవాడు లేడు. బల్లలు చరిచారు, ఈలలు వేశారు, ఎవడో నిజంగానే చెంచాతో గ్లాసు కొట్టాడు. ఎల్మెర్ మొహం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. ఇంత నవ్వులోనూ అతను వెతికింది ఒక్క మొహం కోసమే. ఆ మొహం నవ్వడం లేదు. ఫియొరెల్లా లేచి బయటికి వెళ్లిపోయింది.

అతను ఫొటో చేత్తో పట్టుకునే వెనక పరుగెత్తాడు. వీధి చివర, మాంసం ముక్కలు కాలుస్తున్న బండి పక్కన ఆమెని అందుకున్నాడు. తుంపర పడుతోంది, పొగ కళ్లలోకి వస్తోంది.

“నీకు ముందే తెలుసు కదా,” అన్నాడు.

“మంగళవారమే.”

“మరి రోజూ వచ్చి అదే పద్ధతిలో ఎందుకు చచ్చావ్?”

“నువ్వెప్పుడు నోరు తెరుస్తావో చూద్దామని. నేను చచ్చినప్పుడల్లా నీ మొహం చూసేదాన్ని. పాపం, నాకంటే నువ్వే ఎక్కువ చచ్చావ్.”

“సారీ ఫియో. గంట మోగించి కూడా మోగించలేదని...”

“నీ మొహం! అదా నీ తప్పు?” ఆమె గొంతు ఒక్కసారిగా పెరిగింది. బండి దగ్గర ముసలావిడ విసనకర్ర ఆపి చూసింది. “గంట కొట్టడం తప్పని నేనెప్పుడన్నాను? ఆ రోజు ఆ గదిలో నిజం చెప్పింది నేనొక్కదాన్నే. నాదీ నీదీ ఒకటే కథ అని నీకు తెలుసు. తెలిసీ కుర్చీ ఎక్కావ్. ఇంటికెళ్తే మా పిన్ని ‘కళ్లేంటే అలా ఉన్నాయి’ అంది. ఉల్లిపాయలు కోశానన్నాను. పళ్లరసాల కొట్లో ఉల్లిపాయలేంట్రా!”

ఎల్మెర్ అబద్ధం ఒప్పుకుంటే భారం దిగుతుందనుకున్నాడు. అసలు భారం ఇప్పుడే మీద పడింది.

“నా వైపు ఎవరూ చూడకూడదని నిన్ను చూపించాను,” అన్నాడు చివరికి. “పిరికివాణ్ని. నీకు చేసింది తలుచుకుంటే నాకు నామీదే అసహ్యం. ఇంకో మాట కూడా ఉంది, చెప్పడానికి మొహం చెల్లడం లేదు. నువ్వంటే నాకిష్టం. ఇది చెబితే క్షమిస్తావని కాదు. దాచడం నాకింక చేతకాదు.”

ఆమె పొగకో మరి దేనికో కళ్లు తుడుచుకుంది.

“క్షమించానని అనుకోకు.”

“అనుకోను.”

“నీలి అడవిని ఎన్నాళ్లుగా తిడుతున్నావ్?”

“ఏడాది నుంచి.”

“ఎన్నాళ్లు ఆడావ్?”

ఎల్మెర్ చేతిలోని ఫొటో వైపు చూశాడు, బండి వైపు చూశాడు, ముసలావిడ వైపు చూశాడు. ఎవరూ సాయం రాలేదు.

“...ఆడలేదు.”

“ఏంటి?”

“ఒక్కసారీ ఆడలేదు.”

ఫియొరెల్లా నోరు తెరిచింది. ఎంత ఆపుకున్నా బుగ్గ మీద సొట్ట పడనే పడింది. “ఏడాదిగా రెండిటినీ పోల్చి ఉపన్యాసాలిస్తున్నావు కదరా! సిగ్గు లేదూ?”

“ఉంది. ఈ మధ్య అది తప్ప ఇంకేం లేదు.”

“రేపు నాలుగింటికి రా. అందరి ముందూ కూర్చుని నా ఆట ఆడు. వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. లేచిపోకుండా కూర్చుంటే, అప్పుడు ఆలోచిస్తా.”

మర్నాడు ఆదివారం. కబురెలా పాకిందో, సెంటర్లో నిలబడ్డానికి చోటు లేదు. ఎల్మెర్ మధ్య బల్ల దగ్గర కూర్చున్నాడు. అడవిలో అడుగుపెట్టిన మరుక్షణం ఒక పంది వచ్చి అతన్ని పొడిచి చంపింది.

“బూడిద రాజుని చంపినవాడు పందికి చచ్చాడ్రోయ్!” అని రోనాల్ కేక పెట్టాడు.

రెండోసారి చేప తప్పించుకుంది, పులుసు మాడింది, గుర్రం అతన్ని ఎక్కనివ్వలేదు. ఫియొరెల్లా అన్న మాట ప్రకారం నవ్వింది, కడుపు పట్టుకుని మరీ నవ్వింది. ఎల్మెర్ చెవులు మండిపోతున్నాయి. వీళ్లందరి కళ్లూ ఒకేసారి మీద పడితే ఎలా ఉంటుందో అతనికి మొదటిసారి తెలిసింది. ఆ రోజు ఆమె దీన్ని ఒక్కతే మోసుకుని ఇంటికి వెళ్లింది. ఆ ఆలోచనతో అతని కళ్లు మసకబారాయి, పంది మళ్లీ పొడిచింది.

చెయ్యి బల్ల మీద ఆనించి లేవబోయాడు. పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది.

ఫియొరెల్లా వచ్చి కూర్చుంది. ఇప్పుడు నవ్వడం లేదు.

“ఇంక లేవనా?” అన్నాడు చాలా మెల్లగా.

ఆమె అతని చేతిని బల్ల మీద నుంచి తీసి తన చేతిలో పెట్టుకుంది. గదంతా చూస్తోందని ఆమెకి తెలుసు.

“కూర్చో,” అంది. “నేనిక్కడే ఉన్నాగా.”