వంతెన అవతలి రెక్క

ఊరి పండుగ ఆదివారం పొద్దున వంటింట్లో పిండి పొంగి, గిన్నె దాటి బల్ల మీదికి వచ్చేసింది. ఇవెతా రెండు చేతులతో దాన్ని లోపలికి నెట్టబోయింది. మణికట్ల దాకా అంటుకుంది గానీ లోపలికి పోలేదు.

"ఈస్ట్ ఎంత వేశావే తల్లీ?" అంది అత్తగారు లుద్మిలా, నడుం మీద చేతులు పెట్టుకుని.

"మీరు చెప్పినంతే అత్తయ్యా. నేను మరిచిపోయాననుకుని రాదిమ్ కూడా వేశాడట. ఇందాక వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర చెప్పాడు."

"చక్కగా ఉంది. ఇంజన్‌లో నూనె పోసినట్టు పోసి ఉంటాడు."

ఇవెతాకి నవ్వాగలేదు. పెళ్ళయి ఇంకా రెండు నెలలు నిండలేదు. ఆ ఇంట్లో ప్రతిదీ ఆమెకు ముచ్చటగానే ఉంది. తెల్లారకముందే లేచి, తనకు సాయం చేయాలని పిండి పాడుచేసి, పిండి చేతులతోనే తన జడ సవరించి వెళ్ళిన మొగుడు ముచ్చటగా ఉన్నాడు. ఎన్నిసార్లు ఉతికినా నూనె వాసన పోని అతని పని చొక్కా కూడా ముచ్చటగానే ఉంది.

"పండుగ పూట కూడా సంతకే పోయారు తండ్రీకొడుకులు. పొరుగింటి మగవాళ్ళు టై కట్టుకుని చర్చికి పోతుంటే, మనవాళ్ళు బురదలో తుప్పు ఇనుము ఏరుకుంటారు," అని లుద్మిలా సణిగింది.

ఆ సంత పాత కార్ల విడిభాగాల సంత. వెతుకుతున్నది ఒక రెక్క. వంటింటి గోడకి ఒక ఫొటో ఉంది. నల్లని టాట్రా కారు, ముందు మూడు దీపాలు, వెనక మూత మీద చేపకున్నట్టు నిటారుగా ఒక రెక్క. పక్కన టోపీ పెట్టుకుని మామగారి తండ్రి. అప్పట్లో ఆయనకి ఏటి ఒడ్డున పిండిమర ఉండేది. ప్రభుత్వం మరని స్వాధీనం చేసుకున్న ఏడాది, కారునీ తోలుకుపోతారని తెలిసి, ఆయన దాన్ని ఊడదీసి నమ్మకస్తుల ఇళ్ళలో దాచాడు. ఇంజన్ ఒకరి గడ్డివాములో, తలుపులు వడ్రంగి అటక మీద, సీట్లు పాస్టరుగారి నేలమాళిగలో. ఎవరింట్లో ఏముందో ఎవరికీ చెప్పకుండానే ఆ చలికాలం కన్నుమూశాడు. నలభై ఏళ్ళ తర్వాత ప్రభుత్వం మారాక, ఒక్కొక్కరే వచ్చి తమ దగ్గరున్నది గుమ్మంలో పెట్టి వెళ్ళారు. అన్నీ వచ్చాయి, రెక్క రాలేదు.

మామగారు బొహుమిల్ దానికోసం తిరగని ఊరు లేదు. ఆస్ట్రియా వెళ్ళాడు, జర్మనీ వెళ్ళాడు, పోలండ్‌లో వర్షంలో తడిసి జ్వరం తెచ్చుకున్నాడు. రేకు పనివాడు కొత్తది చేసిస్తానంటే గుమ్మంలోంచే పంపేశాడు. "మా నాన్న కారు మీద దొంగ రెక్కా?" అన్నాడట.

కొలాచీలు లెక్కకి మించి తయారయ్యాయి. అరచేతిలో పట్టే తీపి రొట్టెలు, కొన్నిటి నడుమ జున్ను, కొన్నిటి నడుమ గసగసాలు.

"కొత్త కోడలు పంచాలి. మన వీధంతా ఇచ్చిరా," అంది లుద్మిలా.

వీధంతా ఇచ్చినా బుట్టలో ఇంకా మిగిలాయి. ఎండ బాగుంది, కొత్త చెప్పులు బాగున్నాయి, ప్రతి గుమ్మంలో ఎవరో ఒకరు "అబ్బ, ఎంత బాగున్నావమ్మా" అంటున్నారు. ఆ ఉత్సాహంలో ఇవెతా వాగు మీద వంతెన కూడా దాటేసి, మొదటి ఇంటి తలుపు తట్టింది.

తెల్లజుట్టు ముడి వేసుకున్న ఒకామె తలుపు తీసింది.

"పండుగ కొలాచీలు పెద్దమ్మగారూ! నేనే చేశాను. కొంచెం ఎక్కువ పొంగాయి, ఏమీ అనుకోకండి."

"ఎవరమ్మాయివే నువ్వు?"

"జాప్లెతల్ గారి కోడల్ని. రాదిమ్ భార్యని."

ఆమె చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. "నిన్ను ఇక్కడికి పంపారా?"

"ఎవరూ పంపలేదండీ. నేనే వచ్చాను."

"అదీ సంగతి," అని ఆమె నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "లోపలికి రా. నేను హెద్వికాని. మీ మామగారి అక్కని. ఉన్నానని కూడా చెప్పలేదు కదూ?"

ఇవెతా ఆమె మొహంలోకి చూసింది. తన పెళ్ళికి ఎక్కడెక్కడి దూరపు చుట్టాలో వచ్చారు. వంతెన అవతల మామగారి సొంత అక్క ఉందా? ఆలోచిస్తూ ముందు గదిలోకి అడుగుపెట్టింది. గడియారం పక్కన గోడకి ఆనించి, మైనం పూసి అద్దంలా తుడిచిన నల్లని రెక్క నిలబడి ఉంది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఇది మీ దగ్గరుందా? మావయ్య దేశాలు పట్టుకుని తిరుగుతున్నారు తెలుసా? జ్వరంతో పడకేశారు! మీరు దీన్ని తుడుచుకుంటూ కూర్చున్నారా?"

"అరుచుకో, బాగా అరుచుకో. ఈ ఇంట్లో జాప్లెతల్ గొంతు విని చాలా కాలమైంది," అంది హెద్వికా. తర్వాత ఆమె గొంతే పైకి లేచింది. "దేశాలు తిరిగాడుగా, ఈ వంతెన ఎందుకు దాటలేదని అడిగావా మీ మావయ్యని? మా నాన్న మర లాక్కున్న ఊరి పార్టీ ఛైర్మన్ కొడుకుని నేను చేసుకున్నాను. నా మొగుడు వాళ్ళ నాన్నలాంటి వాడు కాదు. అయినా పుట్టింట్లో నా పేరెత్తేవాళ్ళు లేకుండా పోయారు."

"మరి రెక్క?"

"మా నాన్నే తెచ్చాడు. ఇక్కడ పెళ్ళయిన ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు బాతు ఈకల పరుపు ఇవ్వాలి, నీకూ ఇచ్చి ఉంటారు. పట్టపగలు, వీధంతా చూస్తుండగా పరుపు భుజాన వేసుకొచ్చాడు. 'ఇదిగో నీ పరుపు, ఇక నీకూ నాకూ చెల్లు' అని ఊరంతా వినేలా అరిచాడు. తలుపు మూశాక నా తల నిమిరాడు. పరుపు లోపల ఇది ఉంది. 'ఛైర్మన్ కోడలి ఇంట్లో ఎవడు వెతుకుతాడే పిచ్చిదానా, నీకంటే నమ్మకమైనవాళ్ళు నాకెవరున్నారు' అన్నాడు. అన్నట్టే ఊళ్ళో అన్ని ఇళ్ళూ వెతికారు, ఇది తప్ప. ఆ చలికాలమే ఆయన పోయాడు."

"ఈ మాట మావయ్యకి చెప్పొచ్చుగా?"

"శ్మశానం గేటు దగ్గర నా చేతిలో పూలు లాక్కుని మంచులో పారేశాడు మీ మావయ్య. 'నాన్న చెల్లు అన్నాడు, నేను విన్నాను' అన్నాడు. ప్రభుత్వం మారాక మళ్ళీ సిగ్గు చంపుకుని, ఇది ఇస్తానని మీ ఇంటికి వచ్చాను. మీ అత్త తలుపు తీసి, 'ఆయన ఇంట్లో లేరు' అంది. లోపల దగ్గు వినిపిస్తూనే ఉంది. నేను దొంగనా? బిచ్చగత్తెనా? ఇంకెన్నిసార్లు వెళ్ళాలి?"

ఇవెతా బుట్ట అక్కడే వదిలేసి ఇంటికి వచ్చింది. వచ్చేటప్పుడు ఎండా చెప్పులూ ఏవీ ఆమెకు కనిపించలేదు.

భోజనాల బల్ల మీద బాతు మాంసం, క్యాబేజీ, ఆవిరి మీద ఉడికించిన పిండి ముద్దలు సిద్ధంగా ఉన్నాయి. తండ్రీకొడుకులు సంత నుంచి వట్టి చేతులతో వచ్చి కూర్చున్నారు.

"పోలండ్ వాడొకడు ఉందన్నాడు. తీరా చూస్తే ట్రాక్టరు మడ్‌గార్డు. వచ్చే నెల హంగరీ వెళ్దాం," అన్నాడు బొహుమిల్ రొట్టె తుంచుతూ.

"హంగరీ అక్కర్లేదు మావయ్యా. వంతెన దాటితే చాలు," అంది ఇవెతా. "రెక్క హెద్వికా అత్తయ్య ముందు గదిలో ఉంది."

రాదిమ్ చేతిలో చెంచా పళ్ళెంలో పడింది. లుద్మిలా గ్లాసు కింద పెట్టింది. బొహుమిల్ మొహం ఎర్రగా కందిపోయింది.

"ఆ ఇంటి గడప తొక్కావా నువ్వు?"

"తొక్కాను. తొక్కకూడదని ఎవరైనా చెప్పారా? అసలు ఆవిడ ఉందని ఎవరైనా చెప్పారా? నా పెళ్ళికి మీ ఇంజన్ దాచినాయన మనవలు వచ్చారు. సీట్లు దాచిన పాస్టరుగారి వంటమనిషి వచ్చింది. మీ తోడబుట్టిన ఆవిడ రాలేదు!"

"ఇవెతా, నెమ్మది," అన్నాడు రాదిమ్.

"నువ్వు నోరు మూసుకో. నీకు మేనత్త ఉందని నీకూ తెలుసు. నాతో ఈస్ట్ సంగతి చెప్పినవాడివి ఇది చెప్పలేకపోయావా?"

రాదిమ్ తల దించుకున్నాడు. పెళ్ళయ్యాక ఆమె అతని మీద కేకలెయ్యడం అదే మొదటిసారి.

బొహుమిల్ బల్ల మీద గుద్దాడు. "మా నాన్న దాన్ని కాదన్నాడు! పరుపు మొహాన కొట్టి అరుస్తుంటే వంతెన మీద నిలబడి ఈ చెవులతో విన్నాను. ఆయన మాట నేను నిలబెట్టాను. ఇందులో నిన్న గాక మొన్న వచ్చిన నీకేం తెలుసు?"

"ఆ పరుపులో ఏముందో మీకు తెలియదు మావయ్యా. నాకు తెలుసు."

ఆమె చెప్పింది. ఆపకుండా అంతా చెప్పింది. అరుపు వీధికోసమని, తలుపు మూశాక తల నిమిరాడని, నీకంటే నమ్మకస్తులెవరన్నాడని చెప్పింది.

"అబద్ధం," అన్నాడు బొహుమిల్. కానీ గొంతులో బలం లేదు. "ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదే?"

"చెప్పడానికే వచ్చింది," అంది లుద్మిలా. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "నువ్వు ఈ గదిలోనే కూర్చుని, లేనని చెప్పమన్నావు. ఆవిడ నా మొహంలోకి చూసి వెళ్ళిపోయింది. ఆరోజు నుంచి బజారులో ఆవిడ కనిపిస్తే నేను పక్క సందులోకి తప్పుకుంటున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

బొహుమిల్ గోడ మీది ఫొటో వైపు చూశాడు. "నాన్న ఆరోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. కోపమనుకున్నాను," అన్నాడు. లేచి కోటు వేసుకున్నాడు. పళ్ళెం అలాగే ఉంది. రాదిమ్, ఇవెతా వెనకే నడిచారు.

వంతెన దగ్గర ఆయన అడుగు తడబడింది. రాదిమ్ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

తలుపు తీసిన హెద్వికా తమ్ముణ్ణి పైనుంచి కిందికి చూసింది. అతను ఏమైనా అనేలోపే ఆమె లోపలికి వెళ్ళి, రెక్కని తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"ఇదిగో. దీనికోసమేగా వచ్చావు. గీత పడకుండా దాచాను, చూసుకో. ఇక వెళ్ళు."

తలుపు మూసుకుంది.

రాదిమ్ ఊపిరి బిగబట్టి రెక్కని చూస్తున్నాడు. ఇన్నేళ్ళు వెతికిన వస్తువు. దాని వంపు, అంచు, బిగించే చోట రంధ్రాలు, అన్నీ అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉన్నాయి. "నాన్నా, మనదే! పద, ఇప్పుడే బిగించి చూద్దాం," అన్నాడు.

బొహుమిల్ గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. ఇవెతాకి కోపం మళ్ళీ తన్నుకొచ్చింది. తీసుకుని వెళ్ళిపోతున్నాడు. ఇంత విన్నాక కూడా ఇనుప ముక్క తీసుకుని వెళ్ళిపోతున్నాడు! ఏదో అనబోయింది.

అంతలో ఆయన రెక్కని కొడుకు చేతుల్లో పెట్టి వెనక్కి తిరిగాడు. మెట్లెక్కి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, తలుపు తట్టాడు.

మళ్ళీ తట్టాడు.

తలుపు జానెడు తెరుచుకుంది. హెద్వికా కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. "మళ్ళీ ఏమిటి? ఇంకా ఏం మిగిలిపోయింది నీ కారుకి?"

"కారుకేం లేదక్కా," అన్నాడు బొహుమిల్. టోపీ అంచు వేళ్ళ మధ్య నలిగిపోతోంది. "అన్నీ వచ్చేశాయి. నువ్వొక్కదానివే మిగిలిపోయావు."

హెద్వికా మెడ చుట్టూ శాలువా లాక్కుని, దానితోనే మొహం కప్పుకుంది. భుజాలు ఎగిసిపడ్డాయి. తమ్ముడు అక్కడే నిలబడ్డాడు, శిక్ష పడ్డవాడిలా, కళ్ళనీళ్ళు తుడుచుకోకుండా.

చివరికి ఆమె తలుపు పూర్తిగా తెరిచింది.

"బూట్లు విప్పి రా వెధవా," అంది. "ఇప్పుడే నేల తుడిచాను."