ఆపరేషన్ బూరుగు దిండు

మనుబోలు దాటాక హైవే పక్కన ఆగి ఉన్న ఐస్ లారీ వెనక తలుపు తెరుచుకుంది. సాదిక్‌ను మింగి మళ్ళీ మూసుకుంది.

లోపల చేపలు లేవు. ఒక ల్యాప్‌టాప్, రెండు స్టూళ్ళు, మఫ్లర్ చుట్టుకుని వణుకుతున్న చీఫ్ లాజరస్ ఉన్నారు.

"మూడు దేశాలు. మూడు లీకులు," అన్నారు లాజరస్. "మూడుచోట్లా ఈ అమ్మాయి ఉంది."

స్క్రీన్ మీద ఫొటో. ఎండకు కమిలినా వన్నె తగ్గని ముఖం, నెత్తి మీద కూలింగ్ గ్లాసెస్, వీపున మనిషంత బ్యాక్‌ప్యాక్.

"పేరు సబీనా. మలేసియాలో పినాంగ్ పిల్ల. ఏడాదిగా దేశాలు పట్టుకుని తిరుగుతోంది. హోటల్లో దిగదు. ఇస్తాంబుల్‌లో స్నేహితురాలి ఇల్లు, నైరోబీలో మేనత్త ఇల్లు, కొలంబోలో కాలేజీ ఫ్రెండ్ ఇల్లు. ఏ రిజిస్టర్లోనూ పేరు పడదు. ఎవరడిగినా చుట్టాలమ్మాయి అంటారు, అంతే. ఏ ఏజెన్సీ ఇవ్వగలదయ్యా అంతటి కవర్?"

"ఇప్పుడు ఎవరింటికి?"

"కొత్తపాలెం. పరుపులు కుట్టే జమాల్‌బీ ఇల్లు."

సాదిక్ స్టూలు మీంచి లేచాడు. "మా పెద్దమ్మ, సార్."

"తెలుసు. ఈ అమ్మాయి మీ పిన్నమ్మ కూతురని కూడా తెలుసు. నువ్వు ఆమెను చూడలేదనీ తెలుసు. విను. శ్రీహరికోటలో రేపు మధ్యాహ్నం లాంచ్. రాకెట్ కనబడే ఇంటి కప్పు మీద అరచేతిలో పట్టే ట్రాన్స్‌మిటర్ ఒకటి పెడితే చాలు, సిగ్నల్స్ అన్నీ సముద్రంలో కాచుకున్న వాళ్ళ ఓడకు చేరిపోతాయి. ఆ ముఠాలో మనవాళ్ళు ఒకరున్నారు. ఎవరో నాకూ తెలీదు. కోడ్ అడుగుతారు: 'పులికాట్‌లో ఈ ఏడు కొంగలు దిగినాయా?' నీ జవాబు: 'దిగినాయి, ఒకటే తక్కువ.' వెంటనే వస్తువు నీ చేతికిస్తారు."

"నా వేషం?"

"నువ్వే. పెద్దమ్మను చూడొచ్చిన కొడుకువి."

ఇన్నేళ్ళ సర్వీసులో సాదిక్ వేయనిది ఆ ఒక్క వేషమే.

*

జమాల్‌బీది దూదేకే కుటుంబం. తల్లి పోయిన సాదిక్‌ను పెంచింది ఆమే. ఆ ఇంట్లో బిడ్డ పుడితే పేరు పెట్టిన రోజునే బూరుగు దూదితో ఒక దిండు కుడతారు. మూలన ఎర్రదారంతో గుర్తు వేస్తారు. దాని మీద ఇంకొకరు తల పెట్టరు. మనిషి ఊళ్ళో లేకపోయినా దిండును మాత్రం ఎండకు వేస్తూనే ఉంటారు.

సాదిక్ గడప దాటేసరికి ఆ ఎర్రదారం దిండు మీద సబీనా హాయిగా తల పెట్టి పడుకుని ఉంది.

"అది నా దిండు పెద్దమ్మా," అన్నాడు, సలాం కూడా మరిచి.

"నీదే, కాదన్లా. ఎన్నాళ్ళయింది నువ్వు దాని మీద పడుకుని? రెండేళ్ళకోసారి వస్తావు, చెప్పులన్నా విప్పకముందే ఫోను మోగుతుంది, పోతావు. ఉత్త దిండును ఎన్నాళ్ళని ఎండకేసేది? ఈ బిడ్డను చూడు. లోకమంతా తిరిగి, అందరి గడపలూ తొక్కి, అందర్నీ పలకరించుకుంటా నా కాడికొచ్చింది!"

సాదిక్ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. లోకమంతా అతనూ తిరిగాడు. ఇస్తాంబుల్‌లో హాస్టల్ స్నేహితుడు ఎదురొస్తే గడ్డం సర్దుకుని పక్క సందులోకి తప్పుకున్నాడు. పినాంగ్‌లో అత్తరు అమ్మేవాడి వేషంలో నాలుగు నెలలు పిన్నమ్మ ఇంటి ముందు నుంచే నడిచాడు. లోపలినుంచి తాలింపు వాసన వచ్చేది. తలుపు మాత్రం ఒక్కసారీ తట్టలేదు. ఇది మాత్రం వీపున సంచి తగిలించుకుని ప్రతి తలుపూ తట్టి, ప్రతి ఇంట్లో తిని, ప్రతి ఇంట్లో కంటనీరు పెట్టించి మరీ వచ్చింది!

మధ్యాహ్నం మామిడికాయ వేసిన వంజరం చేప పులుసు. చిన్నప్పటినుంచీ సాదిక్‌కు పడే తల ముక్క సబీనా కంచంలో పడింది.

"దూరం నుంచి వచ్చింది కదబ్బయా," అంది పెద్దమ్మ.

సబీనా తల ముక్కను నేర్పుగా విడదీస్తూ, పెద్దమ్మ నీళ్ళకు లేచిన అదను చూసి, మెల్లగా అడిగింది. "అన్నా, పులికాట్‌లో ఈ ఏడు కొంగలు దిగినాయా?"

సాదిక్ చేతిలో ముద్ద ఆగిపోయింది. కోడ్. అక్షరం పొల్లు పోలేదు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆమె వేళ్ళ మధ్య చేప కన్ను కనబడింది.

దిండు తీసుకుంది. తల తీసుకుంది. కోడ్ కూడా ఎవరి దగ్గరో కొట్టేసే ఉంటుంది!

"నేనేమన్నా కొంగల కాపరినా?" అన్నాడు సాదిక్.

సబీనా ముఖం పాలిపోయింది. అది పట్టుబడిన దొంగ ముఖమని అతడు తీర్మానించుకున్నాడు. సాయంత్రం బొత్తం కెమెరాతో తీసిన ఫొటోలు పంపుతూ రిపోర్టు రాశాడు: "సబ్జెక్ట్ ప్రమాదకరం. పెద్దమ్మను పూర్తిగా వశం చేసుకుంది."

లాజరస్ జవాబు వెంటనే వచ్చింది: "ఇది రిపోర్టా, ఏడుపా?"

*

మర్నాడు మధ్యాహ్నం సబీనా స్నేహితుడట, డిర్క్ అనే ఆరడుగుల తెల్లవాడు బ్యాక్‌ప్యాక్‌తో దిగాడు. పెద్దమ్మ అతనికీ చాప వేసింది. సబీనా అతన్ని పలకరించడానికి వెళ్ళిన సందు చూసి, సాదిక్ తన సర్వీసులోకెల్లా సిగ్గుచేటైన ఆపరేషన్ పూర్తిచేశాడు. అమ్మకానికి పెట్టిన దిండు ఒకటి తెచ్చి, దానికి ఎర్రదారం గుర్తున్న తన దిండు గలీబు తొడిగి, ఆమె పక్క మీద పెట్టాడు. తన దిండు చంకన పెట్టుకుని ఒడ్డుకు పోయాడు. బోర్లించిన పడవ నీడలో దాని మీద తల పెట్టుకుని, తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు.

చెవి కింద ఏదో గట్టిగా తగిలింది.

దూదిలో మిగిలిన గింజ అనుకున్నాడు. దూదేకే ఇంట్లో పెరిగినవాడికి గింజ ఎంత ఉంటుందో తెలుసు. ఇది అరచేయంత ఉంది. పంటితో కుట్టు తెంపాడు. తెల్లటి దూదిలో నల్లటి పెట్టె. దాని మీద ఎర్ర లైటు.

"నాకు ముందే తెలుసు!" అని ఎగిరి గంతేశాడు. దేశం ప్రమాదంలో ఉందన్న దిగులు కన్నా, పెద్దమ్మ ముందు ఆ పిల్ల గుట్టు విప్పబోతున్నానన్న సంబరమే అతన్ని ఇంటిదాకా పరిగెత్తించింది.

గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి.

గదినిండా సామాను చెల్లాచెదురుగా పడి ఉంది. సబీనా పక్క మీది దిండు నిలువునా చీరేసి ఉంది. డిర్క్ ఒక చేత్తో ఆమె జుట్టు పట్టుకుని, మరో చేత్తో కణతకు పిస్టల్ ఆనించాడు. పులుసు దాక పక్కన పెద్దమ్మ గరిటె పట్టుకుని నిలబడింది.

"చుట్టంగా వచ్చి ఇదేం పని రా నీకు? ముద్ద పెట్టలా నీకు?"

"ట్రాన్స్‌మిటర్ ఎక్కడ?" అన్నాడు డిర్క్ ఇంగ్లీషులో. "రాత్రి నువ్వు దాన్ని దిండులో పెట్టి కుడుతుంటే కిటికీలోంచి చూశాను. ఇందులో లేదేం?"

టీవీలో కౌంట్‌డౌన్ మొదలైంది. సబీనా కళ్ళు గుమ్మంలోని సాదిక్ మీద పడ్డాయి. అతని ఒక చేతిలో దిండు, మరో చేతిలో పెట్టె. ఆమె తెలుగులో అడిగింది.

"అన్నా... పులికాట్‌లో ఈ ఏడు కొంగలు దిగినాయా?"

చేప తల కోసం తను ఏం చేశాడో సాదిక్‌కు అప్పుడు అర్థమైంది. నిన్నటి రోషం చెంపదెబ్బ తిన్నట్టు అణిగిపోయింది.

"దిగినాయమ్మా," అన్నాడు. "ఒకటే తక్కువ."

డిర్క్ పిస్టల్ అతని వైపు తిప్పాడు. "ఆ పెట్టె ఇటివ్వు!"

సాదిక్ పెట్టె చాచినట్టే చాచి, తెంపిన దిండును తిరుగుతున్న నిలువు ఫ్యాన్ మీదికి విదిలించాడు. బూరుగు దూది కదా, గాలి తగిలితే ఆగుతుందా? గదంతా తెల్లటి మబ్బయిపోయింది. డిర్క్ కళ్ళల్లో, ముక్కులో, నోట్లో దూదే. పేలిన గుండు పైకప్పు పెంకు పగలగొట్టింది. సబీనా మోచేత్తో అతని పొట్టలో పొడిచింది. సాదిక్ మెడ మీద ఒకటి వేశాడు. కింద పడ్డవాడి నడుం మీద పెద్దమ్మ గరిటె మోగింది. ఆ పెనుగులాటలో పెట్టె సాదిక్ చేతిలోంచి జారి, దాకలో బుడుంగుమంది.

టీవీలో "రెండు" అంటుండగా ఎర్ర లైటు చింతపండు పులుసులో ఆరిపోయింది. మరుక్షణం కిటికీ రెక్కలు గడగడలాడాయి. కొబ్బరిచెట్ల పైనుంచి నిప్పు తోకతో రాకెట్ నిక్షేపంగా లేచింది.

"రేపటికని దాచిన పులుసురా!" అని తల పట్టుకుంది జమాల్‌బీ.

డిర్క్‌ను పరుపు తాళ్ళతో కట్టేశాక సబీనా తలలోని దూది దులుపుకుంటూ కూర్చుంది. "నిన్న తీసుకుని ఉంటే ఇంత గోల లేకపోవును అన్నా."

"దిండు దొంగిలించకపోతే వాడికి దొరికిపోయేది," అన్నాడు సాదిక్, నేల చూస్తూ.

"అదీ నిజమేలే." ఆమె నవ్వింది. "నైరోబీ దాకా నాకేం తెలీదు. నా సంచిలో ఈ డిర్క్ వాళ్ళు ఏం పంపిస్తున్నారో తెలిసినాక మీవాళ్ళకి కబురు పెట్టినా. అవును గానీ, మా అమ్మ నీకొక మాట చెప్పమనింది. మా వీధిలో అత్తరు అమ్మే ఆయన ఒకడుండేవాడంట. ఈసారి వస్తే తలుపు తట్టమని చెప్పు, మా అక్క నడకే వాడిది, అనింది."

సాదిక్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కంట్లో దూది పడిందన్నాడు.

సాయంత్రం లాజరస్ ఫోన్ చేశారు. "వెల్ డన్. వస్తువు దిండులో ఉందని ఎలా పసిగట్టావు?"

"ఇన్‌స్టింక్ట్, సార్."

వాకిట్లో పెద్దమ్మ ఎగిరిన దూదంతా ఏరి మళ్ళీ ఏకుతోంది. సాదిక్ దిండు అప్పటికే కుట్టేసింది. ఇప్పుడు సబీనాకు కొత్తది కుడుతోంది, మూలన ఎర్రదారం గుర్తుతో సహా. సాదిక్ ఫోన్ పెట్టేసి, శత్రుదేశపు సరిహద్దును అంచనా వేసే కళ్ళతో ఆ దిండును పరికించాడు.

సందేహం లేదు. తనదానికంటే నాలుగు వేళ్ళు పెద్దది.